పదమూడో తారీఖు వాన

వీరస్వామిని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి ఇంకా ఐదు గంటల ఇరవై నిమిషాలుంది. డేనియల్ మెట్ల మలుపులో ఆగి గడియారం చూసుకున్నాడు. పదకొండు నలభై. బుధవారం, తొంభై ఏడు అక్టోబరు ఇరవై తొమ్మిది. డైరెక్టరు గది మూడో అంతస్తులో ఉంది. డేనియల్ మోకాళ్లు రెండో అంతస్తు దగ్గరే రాజీనామా ఇచ్చాయి.

యాభై ఆరేళ్ల వయసులో ఈ డిటెక్టివ్ పని నెత్తికెత్తుకున్నందుకు తనను తాను తిట్టుకోని రోజు లేదు. ఇరవై రెండేళ్లు కరెంటు బోర్డు విజిలెన్సులో పనిచేసి, మీటర్లు వెనక్కి తిప్పేవాళ్లనీ, స్తంభానికి కొక్కెం తగిలించి తీగ లాక్కునేవాళ్లనీ పట్టుకున్నాడు. రిటైరయ్యాక తార్నాకలో జిరాక్సు షాపు మీద గది తీసుకుని బోర్డు పెట్టాడు. వచ్చేవాళ్లలో సగం మంది పెళ్లికొడుకు అలవాట్లు కనుక్కోమనేవాళ్లే. ఆదివారం మాత్రం వీరస్వామి భార్య బాలలక్ష్మి వచ్చింది. యూనివర్సిటీలో ఊడ్చే పని ఆమెది. "మా ఆయన మనిషిని సంపెటోడు గాదు సార్" అని ఒక్క మాట అని, వెళ్లమన్నా వెళ్లకుండా కూర్చుంది. ఆ కూర్చోవడం చూసే ఈ కేసు ఒప్పుకున్నాడు.

జరిగింది ఇది. యూనివర్సిటీలోని ఇంధన, వాతావరణ అధ్యయన కేంద్రం మేడ మీద నుంచి రాజశ్రీ అనే రిసెర్చి స్కాలరు ఈ నెల పదమూడు, సోమవారం సాయంత్రం కింద పడింది. ఆరు నలభైకి వాచ్‌మన్ చూశాడు. కాలు జారిందన్నారు. పన్నెండు రోజులు తెలివి లేకుండా ఆస్పత్రిలో ఉండి శనివారం చనిపోయింది. అప్పుడు గానీ ఎవరూ ఆస్పత్రి కాగితాలు తిరగెయ్యలేదు. జబ్బల మీద ఎవరో గట్టిగా పట్టుకున్న వేళ్ల గుర్తులున్నాయని మొదటి రోజే రాశారు. ప్రమాదం కాస్తా హత్య అయింది.

మేడ తాళంచెవి అబ్జర్వరు వీరస్వామి దగ్గర ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు మేడెక్కి ఎండా, వానా, గాలీ కొలిచి రిజిస్టర్లో ఎక్కించడం అతని ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. పదమూడు సాయంత్రం ఐదున్నర గడిలోనూ అతని చేతిరాతే ఉంది. పైగా పోలీసులు పట్టుకున్నప్పుడు "నా వల్లనే పోయింది బిడ్డ" అని ఏడ్చాడు. పోలీసులకు అంతకన్నా ఏం కావాలి? ఆదివారమే పట్టుకుపోయి, నిన్న సాయంత్రం అరెస్టు రాశారు.

డైరెక్టరు పార్థసారథి తెల్ల కుర్తాలో ఉన్నాడు. గది మూలన సూటుకేసు సిద్ధంగా ఉంది. గోడ మీద ప్రపంచ పటంలో ఏ దేశం ఎంత పొగ వదులుతోందో ఎర్రచుక్కలు పెట్టి ఉన్నాయి.

"పది నిమిషాలు ఇవ్వగలను, డేనియల్ గారూ. ఆరున్నరకి ఢిల్లీ ఫ్లైటు. డిసెంబర్లో క్యోటో వాతావరణ సదస్సులో మన వాళ్లు ఏం మాట్లాడాలో రేపు డ్రాఫ్టు చెయ్యాలి."

"ఏం మాట్లాడతారు?"

"న్యాయం మాట్లాడతాం. ఒక అమెరికన్ కాల్చేదాంట్లో మనిషికి ఇరవయ్యో వంతు కూడా మనం కాల్చం. మన పల్లెల్లో లక్షల ఇళ్లకి దీపం లేదు. నూట యాభై ఏళ్లు వాళ్లు కాల్చి, ఇప్పుడు మనల్ని పొయ్యి ఆర్పమంటే ఎలా?"

ఆ మాటల్లో అబద్ధం లేదు. అదే డేనియల్‌కు విసుగు తెప్పించింది. జీవితమంతా అతను చూసిన దొంగల్లో చాలామంది మాటలు న్యాయంగానే ఉండేవి. సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కనే పరిచాడు.

"ఇవి రాజశ్రీ హాస్టల్ గదిలో, ఆమె పెట్టెలో దొరికాయండి. వాళ్ల నాన్న ఇచ్చాడు. ఇది మీ మేడ మీద గాలి లెక్క, పోయిన జనవరిది. ఇది గోదావరి పక్కన పెట్టబోయే బొగ్గు ప్లాంటుకి మీరు సంతకం చేసిచ్చిన రిపోర్టులో గాలి లెక్క. అదే జనవరి. రెండు వందల కిలోమీటర్ల దూరం."

పార్థసారథి కాగితాల వైపు చూడలేదు. చూడనక్కర్లేని కాగితాలు కాబోలు.

"పద్నాలుగు, పదిహేను, పదహారు తారీఖుల్లో ఇక్కడ గాలి సున్నా. పక్కనే వీరస్వామి కారణం రాశాడు. పతంగుల మాంజా గాలి కొలిచే గిన్నెలకి చుట్టుకుని అవి తిరగలేదట. అక్కడ గోదావరి పక్కన కూడా అవే మూడు రోజులు సున్నా. అక్కడ ఎవరి మాంజా చుట్టుకుందండీ?"

"టైపింగ్‌లో ఏదో కలిసిపోయుంటుంది. జూనియర్లు చేసే పని."

"నెల మొత్తం కలిసిపోయింది. గాలి ఊళ్ల వైపు వీయదని మీరు రాయబట్టి పొగా బూడిదా ఊళ్ల మీద పడవన్నారు. మూడు ఊళ్లు. అక్కడ గాలి ఎటు వీస్తుందో మీరెవరూ వెళ్లి చూడలేదు. రాజశ్రీ పట్టుకుంది."

"అయితే? ఆ అమ్మాయి ఒక తప్పు చూపించింది, నేను సరిచేస్తానన్నాను. దానికీ వీరస్వామి చేసిన పనికీ సంబంధం ఏమిటి?"

"పదమూడు సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను కదా. ఇక్కడే. ఐదుకి బయల్దేరదామనుకుంటే వాన పట్టుకుంది. ఆరున్నర దాకా ఈ కుర్చీలోంచి లేవలేదు. రిజిస్టర్ చూసుకోండి. పదమూడో తారీఖు, ముప్పై ఒక్క మిల్లీమీటర్లు."

సరిగ్గా అప్పుడే ఫ్యాను ఆగిపోయింది. రోజూ పన్నెండింటికి ఉండే కరెంటు కోత. పార్థసారథి పైకి చూసి నవ్వాడు. "చూశారా? దీనికోసమే ఆ ప్లాంటు కావాలంటున్నా. మీరు కరెంటు బోర్డు మనిషి, మీకు వేరే చెప్పాలా?"

డేనియల్ కాగితాలు మడిచి లేచాడు. ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. వానలో చిక్కుకున్నవాడు తడిసిన చెప్పుల గురించి చెప్తాడు, దొరకని ఆటో గురించి చెప్తాడు. మిల్లీమీటర్లు చెప్పేవాడిని ఇదే చూడటం.

మేడ తలుపు దగ్గర బాలలక్ష్మి చీపురు పట్టుకుని నిలబడి ఉంది. వీరస్వామి తాళంచెవి పోలీసుల దగ్గర ఉంది గానీ, ఊడ్చే మనిషిగా ఆమె దగ్గర ఇంకొకటి ఉందని పోలీసులకు తట్టలేదు. పన్నెండుంబావుకు తలుపు తీసింది.

మేడ మీద పెద్దగా ఏమీ లేదు. తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో థర్మామీటర్లు. వాన కొలిచే డబ్బా. గాలికి తిరిగే మూడు గిన్నెలు. తూర్పు వైపు పిట్టగోడ డేనియల్ తొడల దాకా వచ్చింది. రాజశ్రీ అతనికన్నా పొట్టి. ఆ ఎత్తు గోడ మీదుగా కాలు జారి పడాలంటే ముందు గోడ ఎక్కాలి. ఆస్పత్రి కాగితాల్లో ఆమె బట్టల గురించి కూడా రాశారు, ఎండు మట్టి, దుమ్ము అని. తడి అన్న మాట ఎక్కడా లేదు. గంటన్నర కురిసిన వానలో పడిన మనిషికి ఎండు మట్టి ఎలా అంటుకుందో ఇన్‌స్పెక్టరు అడగలేదు.

మెట్ల గదిలో బీరువా ఉంది. రిజిస్టర్లు సంవత్సరం ప్రకారం వరసగా ఉన్నాయి. డేనియల్ పాతవి రెండు మూడు తిరగేసి, తొంభై ఏడుది తీశాడు. మొదటి పేజీలో వీరస్వామి గుండ్రటి అక్షరాలతో కొత్త పిల్లల కోసం రాసి పెట్టిన సూచనలు ఉన్నాయి. నాలుగోది ఇలా ఉంది: 'పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బాలో కొలిచే వాన నిన్న ఎనిమిదిన్నర నుంచి పడ్డది. అయినా దాన్ని కొలిచిన రోజు తారీఖు కిందనే రాయాలి. అందరూ ఇక్కడ తప్పు చేస్తరు.'

డేనియల్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"అమ్మా, ఆ వాన ఎప్పుడు పడింది? ముప్పై ఒకటి అని రాసిన వాన."

"ఐతారం సార్. పొద్దుమీకి. మా ఇంటి ముంగట మోకాలిమంటి నీళ్లు నిలిచినై."

ఆదివారం. డేనియల్‌కు కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో గంటసేపు నిలబడి, చివరికి తడుస్తూనే ఇంటికి పోయాడు. రెండు రోజులు దగ్గు. అది పన్నెండో తారీఖు. ఆ వానను వీరస్వామి సోమవారం పొద్దున కొలిచి, పద్ధతి ప్రకారం పదమూడు కింద రాశాడు. పార్థసారథి చదువుకున్నది ఆర్థికశాస్త్రం. పట్టికలు చదివాడు గానీ పదిహేనేళ్లలో ఒక్కసారీ ఆ డబ్బా పట్టుకోలేదు. పన్నెండు రోజుల తర్వాత హఠాత్తుగా సాకు అవసరమై, రిజిస్టర్ తెరిచి అందులోంచి ఒక వాన తెచ్చుకున్నాడు. పదమూడు సాయంత్రం చినుకు లేదు.

సంతోషించాలి. డేనియల్‌కు మాత్రం అలసటే వచ్చింది. డైరెక్టరు అబద్ధం చెప్పాడని తేలింది, అంతే. వీరస్వామి మేడ మీద లేడని తేలలేదు.

"ఆ గాజు ఉండ ఏంటమ్మా?"

మేడ నడుమ దిమ్మె మీద ఇనుప గిన్నెలో పెద్ద గాజు గోళం ఉంది.

"ఎండ లెక్కది సార్. ఎనక నీలం అట్ట పెడ్తరు. ఎండ గోళంల నుంచి పడి అట్ట మీద సన్నగ కాలుతది. మబ్బొస్తే గీత తెగుతది. పొద్దుగూకినంక పాత అట్ట తీసి కొత్తది పెట్టాలె. మా ఆయన ఒక్క అట్ట పారెయ్యలే."

బీరువా కింది అరలో అట్టముక్కలు నెలవారీగా దారంతో కట్టి ఉన్నాయి. డేనియల్ అక్టోబరు కట్ట విప్పాడు. పది, పదకొండు, పన్నెండు. గీతలు సన్నగా ఉన్నాయి. పన్నెండుది మధ్యాహ్నమే తెగిపోయింది, మబ్బు పట్టినట్టుంది. పదమూడుది చేతిలోకి తీసుకోగానే వేలు అవతలికి వచ్చింది. గీత పొడుగునా అట్ట నల్లగా మాడి చిల్లులు పడింది. ఆ తర్వాత పదిహేను. పద్నాలుగు లేదు. రిజిస్టర్లో పద్నాలుగో తారీఖు ఎండ గడిలో చిన్న అడ్డగీత ఉంది.

"ఒక్కనాటి ఎండకు గింత కాలదు సార్" అంది బాలలక్ష్మి. అనేసి, అనకుండా ఉండాల్సిందన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కాలదు. ఇది రెండు రోజుల ఎండ. పదమూడు సాయంత్రం ఈ అట్ట ఎవరూ మార్చలేదు. మర్నాడు పొద్దునకల్లా దాని మీదే మళ్లీ కాలడం మొదలైంది. ఇరవై ఆరేళ్లు ఒక్క రోజు మర్చిపోని మనిషి ఆ రోజు ఎందుకు మర్చిపోయాడు?"

ఆమె చీపురు పుల్లలు సవరించసాగింది.

"బాలలక్ష్మమ్మా, నువ్వే నన్ను పెట్టుకున్నావు. ఐదింటికి ఆయన్ని తీసుకెళ్లిపోతారు. నీ దగ్గర నిజం దాచిపెట్టుకుని నన్ను ఊరంతా తిప్పితే నేనేం చెయ్యను?"

"ఒట్టు వేయించుకుండు సార్." ఆమె గోడకు ఆనుకుని కూలబడింది. "కండ్లు మసక. రెండేండ్ల సంది. థర్మామీటర్ల గీతలు అగుపడవు. ఆ బిడ్డనే చూసి చెప్పేది, ఈయన రాసేది. రాజశ్రీ పొద్దుగాల చెప్పేది, మాపటికి చెప్పేది. ఎవ్వరికి తెల్వదు. తెలిస్తే నౌకరి పోతదని భయం. గా సోమవారం నల్లకుంట కండ్ల డాక్టరు రమ్మన్నడు. నాలుగున్నరకే పోయిండు. నా బదులు నువ్వు చూసి, పొద్దుగూకినంక అట్ట మార్చు బిడ్డా అని చెప్పి పోయిండు. ఆ పిల్ల ఈయన పనికే పైకెక్కింది సార్."

నా వల్లనే పోయింది బిడ్డ. పోలీసులు నేరం ఒప్పుకోవడం అనుకున్న మాటకు అర్థం అది. డేనియల్ కొంచెంసేపు ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె మీద కోపం రావలసింది, రాలేదు.

కింద నుంచి బూట్ల చప్పుడు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ రాజలింగు ఇద్దరు కానిస్టేబుళ్లతో పైకి వచ్చాడు. అతని మొహమూ సరిగ్గా నిద్రపోయిన మొహంలా లేదు.

"ఏంది డేనియల్ సాబ్? పోలీసుల సీను మీద మీకేం పని? తాళం ఎవలు తీసిన్రు?"

"ఊడ్చే మనిషి తీసింది సీఐ గారూ. మీరు సీలు వెయ్యలేదు కదా."

"పదేండ్ల కింద మా బామ్మర్ది ఐసు ఫ్యాక్టరీల మీటరు పట్టినవు. అప్పటి సంది నీకు అన్నిట్ల దొంగతనమే అగుపిస్తది."

"అక్కడ ఉంది కాబట్టి అగుపించింది. ఇక్కడా ఉంది." డేనియల్ రిజిస్టర్ మొదటి పేజీ చూపించాడు, అట్టముక్క చూపించాడు, నల్లకుంట సంగతి చెప్పాడు. రాజలింగు ఓపిగ్గానే విన్నాడు. విన్నాక నుదురు రుద్దుకున్నాడు.

"కాలిన అట్టముక్క, పెండ్లాం మాట. గివి తీస్కపోయి జడ్జి ముంగట పెట్టాల్నా? డైరెక్టరు సార్ దేశం తరఫున మాట్లాడెటాయన. పొద్దున్నుంచి పైనుంచి నాలుగు ఫోన్లు. నీకేం, బోర్డు తీసేస్తే ఇంట్ల కూసుంటవు. నన్ను ఏ అడవిలకు వేస్తరో ఎవలకెరుక."

"వానలో పడిన మనిషి బట్టలకి ఎండు మట్టి ఎలా వచ్చిందండీ?"

 రాజలింగు మెట్ల వైపు తిరిగి అన్నాడు. "నల్లకుంట డాక్టరు తోని రాయించుకరా. టైము ఏసి, సంతకం పెట్టించి. నాలుగున్నర లోపల తెస్తే చూస్త. అంతకంటె నేనేం చెయ్యలేను."

అది కూడా ఎక్కువే. డేనియల్ అట్టముక్కను రిజిస్టర్ మధ్యలో పెట్టి ఇన్‌స్పెక్టర్ చేతికే ఇచ్చి, రసీదు రాయించుకున్నాడు. విజిలెన్సు రోజుల అలవాటు.

నల్లకుంటలో డాక్టరు భోజనానికి వెళ్లి మూడింటికి గానీ రాలేదు. వచ్చాక పుస్తకం తీశాడు. పదమూడో తారీఖు, వీరస్వామి, ఐదూ పదికి కంట్లో చుక్కలు వేశారు, ఆరుంబావుకు పంపించారు. "చుక్కలు వేస్తే మూడు గంటలు ఏమీ కనబడదండీ. కాంపౌండరు చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు" అన్నాడు డాక్టరు. కాగితం మీద టైము వేసి సంతకం పెట్టిచ్చాడు. డేనియల్ స్కూటరు విద్యానగర్ మలుపులో రెండుసార్లు ఆగిపోయింది. దాని వయసూ తక్కువేం కాదు.

స్టేషన్ చేరేసరికి నాలుగూ పన్నెండు. బాలలక్ష్మి వరండా బల్ల మీద టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డేనియల్ కాగితం ఎత్తి చూపించాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె నవ్వబోయింది.

రాజలింగు కాగితం పూర్తిగా చదివాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసి దాని పక్కన పెట్టాడు.

"లేట్ చేసినవు సాబ్. రెండు గంటలకు ఒప్పుకుండు. నేనే తోసిన అన్నడు. నేను కొట్టలే, తిట్టలే. కావాలంటె నువ్వే అడుగు."

వీరస్వామి లాకప్ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. డేనియల్ గొంతు గుర్తుపట్టి అటు తిరిగాడు గానీ, చూపు అతని భుజం పక్కన ఎక్కడో ఆగింది.

"నీ చేత చదవనివ్వకుండా సంతకం పెట్టించారా?"

"లేదు సార్. చదివి వినిపించిన్రు. ప్రతి ముక్క ఇన్న. తెలిసే పెట్టిన."

"నువ్వు ఆ టైముకి నల్లకుంటలో ఉన్నావు. నా దగ్గర డాక్టరు సంతకం ఉంది."

"అది చింపెయ్యున్రి సార్." గొంతులో బతిమాలుడు లేదు, పని చెప్తున్నట్టే అన్నాడు. "పార్థసారథి సార్ వచ్చిండు, ఒంటిగంటకు. అన్నీ అరటిపండు లెక్క ఒలిచి చెప్పిండు. నేను మేడ మీద లేనంటె, ఎందుకు లేవంటరు. కండ్ల సంగతి బయట పడ్తది. గుడ్డోడు రాసిన లెక్కలంటరు. రెండేండ్లవే గాదు, ఇరవై ఆరేండ్లవి పారేస్తరు. అంటే రాజశ్రీ రిసెర్చి పుస్తకం పాయె. రాత్రులు ఏడాదికేడాది వేడెక్కుతున్నయని ఆ బిడ్డ నా రిజిస్టర్ల నుంచే తీసింది. ఆరేండ్లు కూసుండి తీసింది. నువ్వు ఒప్పుకుంటే ఆ పుస్తకం నేనే అచ్చేయిస్త, దాన్ని క్యోటోకు తీస్కపోత అన్నడు."

"నమ్మావా?"

"నమ్మకపోతే నా తాన ఏమున్నది సార్? ఆ బిడ్డ నా కండ్లయింది. నా పనికి పోయి సచ్చింది. ఆమె పేరన్న బతకాలె."

డేనియల్‌కు కళ్లు మండాయి. దుఃఖం అని తనకు తెలుసు, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఊచలు పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. వెనక రాజలింగు గుమ్మంలో నిలబడ్డాడు.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అతను నేర్చుకున్నది ఒకటే. మీటరు అబద్ధం చెప్తే ముందు ఆ ఇంటివాళ్ల అలవాటు చూడాలి. పొద్దుట్నుంచి రిజిస్టర్లో ఏదో ఒకటి పొసగకుండా తొలుస్తూనే ఉంది. ఇప్పుడు అడిగాడు.

"వీరస్వామీ, నీ రిజిస్టర్లు చూశాను. నువ్వు రాని రోజు అడ్డగీత గీసి పక్కన కారణం రాస్తావు. మీ నాన్న పోయినప్పుడు గీశావు. కర్ఫ్యూలో వరసగా గీశావు. ఎండ అట్ట మార్చలేదని పద్నాలుగో తారీఖున కూడా గీశావు. పదమూడు సాయంత్రం ఐదున్నర గడిలో మాత్రం అంకెలున్నాయి. నువ్వు లేవు. ఆ ఒక్కటీ ఊహించి రాశావా?"

వీరస్వామి నిటారుగా కూర్చున్నాడు. హంతకుడినని ఒప్పుకున్నప్పుడు లేని అవమానం ఇప్పుడు అతని మొహంలో కనిపించింది.

"ఊహించి రాసుడా? నేను? అవి నిజం అంకెలు సార్. ఆ బిడ్డ చూసినయే. తన నోటుపుస్తకంలకెల్లి చించిన చీటీ మీద టైము ఏసి రాసింది. తెల్లారి నేను గీత పెట్టబోతుంటె పార్థసారథి సారే తెచ్చిచ్చిండు. నిన్న నా బల్ల మీద పెట్టి పోయింది, ఎక్కియ్యి, ఖాళీ ఉంటే బాగుండదు అన్నడు."

గుమ్మంలో రాజలింగు ఒక్క అడుగు ముందుకు వేశాడు.

డేనియల్ మనసులో వేళలు వరసగా నిలబడ్డాయి. ఐదున్నరకు ఆమె మేడ మీద అంకెలు రాసుకుంది. ఆరింటి లోపల పొద్దుగూకుతుంది, అప్పుడు అట్ట మార్చాలి. మార్చలేదు. అంటే చీటీ రాసిన తర్వాత, పొద్దుగూకక ముందే పడిపోయింది. మెట్లు దిగి ఎవరి బల్ల మీదా ఏదీ పెట్టలేదు. ఆ చీటీ మేడ మీద ఆమె దగ్గర నుంచి ఇంకొకరి చేతుల్లో కిందికి వచ్చింది. గడి ఖాళీగా ఉంటే వీరస్వామి రాలేదని తెలుస్తుంది. నిండితే రోజులాగే అతను వచ్చి చూసి పోయినట్టే. పొడి, తడి థర్మామీటర్ల అంకెలు ఒకదానికొకటి కుదరాలి, వాటిని కల్పించడం ఆర్థికశాస్త్రం మనిషికి చేతకాదు. అందుకని నిజం అంకెలే తెచ్చిచ్చాడు.

"ఆ చీటీ ఏది?" అడిగాడు రాజలింగు.

"ఇంట్ల ట్రంకుపెట్టెల దాచిన సార్. ఆ బిడ్డ చేతిరాత ఆఖరిది. పారెయ్య మనసొప్పలే."

"ఇది ఎవరికైనా చెప్పావా?" అన్నాడు డేనియల్.

"పార్థసారథి సారే అడిగిండు మధ్యాహ్నం, చీటీ ఏం చేసినవని. ఇంట్ల భద్రంగ ఉన్నదని చెప్పిన."

డేనియల్ మోకాళ్ల సంగతి మర్చిపోయి లేచాడు. వరండాలో బాలలక్ష్మి కూడా లేచి నిలబడింది.

"మీ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారమ్మా?"

"మా బిడ్డ ప్రవళిక సార్. మూడింటికి కాలేజీ నుంచి వస్తది. ఒక్కతే ఉంటది. ఏమైంది?"

"మీ ఇంటి దగ్గర్లో ఫోను ఉందా?"

"మా పక్కింటి భారతమ్మ ఇంట్ల ఉన్నది." ఆమెకు నంబరు నోటికి వచ్చు.

రాజలింగు బల్ల మీది ఫోనును డేనియల్ వైపు తిప్పాడు. గోడ గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది. నాలుగుసార్లు మోగాక అవతల ముసలి గొంతు పలికింది. డేనియల్ పోలీస్ స్టేషన్ నుంచని చెప్పి, ప్రవళికను పిలవమన్నాడు.

"ప్రవళికనా? లేదు నాయినా. నాలుగింటికి తెల్ల కారొచ్చింది. తెల్ల కుర్తా పెద్దమనిషి, మెల్లగ మాట్లాడిండు. మీ నాయినను విడిపించె కాగితం ఇంట్ల ఉన్నది, తీస్కరా బిడ్డా అన్నడు. పాపం పిల్ల ఉరికి పోయి పెట్టెలకెల్లి తెచ్చింది. నేను ఇయ్య, నేనే వచ్చి పోలీసులకు ఇస్త అన్నది. సరే రా అని కారు ఎక్కించుకుండు."

"ఎటు వెళ్లారు?"

"మీ తానకే. ఠాణాకు అన్నడు. మౌలాలి నుంచి గంతసేపా? ఇంకా రాలేదా?"

మౌలాలి నుంచి కారులో పదిహేను నిమిషాలు. డేనియల్ ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని ఉన్నాడు. రాజలింగు అప్పటికే జీపు తియ్యమని కేక వేస్తూ బయటికి పరిగెత్తుతున్నాడు. బాలలక్ష్మి మాత్రం కదలకుండా, భారతమ్మ ఏం చెప్పిందో వినడానికి డేనియల్ మొహంలోకే చూస్తూ నిలబడింది.